ఆదివారంలోపు కాస్త ఎండ

మా ఊళ్ళో వేసవిలో ఎండ కాయదని బయటివాళ్ళు అంటుంటారు. అది నిజం కాదు. కాస్తుంది, బ్రహ్మాండంగా కాస్తుంది. కాకపోతే మనం తడిబట్టలు తీసుకొచ్చి లోపల కుర్చీల మీద పరిచాక, ఇసుకలో తిందామని కట్టుకెళ్ళిన రొట్టెముక్కలు కారులోనే కూర్చుని తినేశాక, ఇక ఈరోజుకి ఇంతే అని బూట్లు విప్పేశాక కాస్తుంది.

మాది స్కాట్లండ్ తూర్పుతీరంలో ఒక చిన్న రేవు. వేసవిలో పొద్దున్నే సముద్రం మీంచి మంచు పాకుతూ వస్తుంది. దాన్ని హార్ అంటాం. అది వచ్చిందంటే రేవు చివర దీపస్తంభం కూడా కనిపించదు. రెండు మైళ్ళు లోపలికి వెళ్తే బార్లీ చేల మీద ఎండ ధగధగలాడుతూ ఉంటుంది, మేము మాత్రం జూన్ నెలలో ఉన్ని కోట్ల గుండీలు పెట్టుకుంటూ ఉంటాం. సాయంత్రం దుకాణాలు మూసే వేళకి మంచు విడిపోతుంది. ఆకాశం తనకేమీ తెలియనట్టు నీలంగా నిలబడుతుంది.

ఇక్కడి బడిలో ఉద్యోగం విరమించేదాకా నేను భూగోళం చెప్పాను. కనక ఇందులో ఎవరి తప్పూ లేదని నాకు తెలుసు. చల్లటి సముద్రం, వెచ్చటి గాలి, అంతే. మా ఆవిడ మోరగ్ మాత్రం ఒప్పుకునేది కాదు. "ఇది గాలి పని కాదు అలెక్. ఎవరో కావాలనే చేస్తున్నారు," అనేది వంటింటి కిటికీలోంచి ఆకాశానికి చెంచా చూపిస్తూ.

మోరగ్ పోయి, నేను చెప్పే జూన్‌కి, ఏడాది దాటింది.

మేముండేది నాలుగు ఇళ్ళున్న పాత రాతి మేడ. వెనక అందరికీ కలిపి ఒక పచ్చిక. నాలుగు ఇనుప స్తంభాలు, వాటి మధ్య దండేలు. సోమవారం కింది అంతస్తు నెటీ లమ్స్‌డెన్‌ది. ఎనభై దాటిన మనిషి, ఆ మేడలోనే పుట్టింది. మంగళవారం వేసవి అద్దెకి వచ్చేవాళ్ళది. బుధవారం పై అంతస్తు రోనాది. గురువారం మాది. ఒక్కణ్ణే అయినా ఇప్పటికీ మాది అనే అంటాను. శుక్ర శనివారాలు ముందు ఎవరడిగితే వాళ్ళవి. ఆదివారం ఎవరిదీ కాదు, అది దేవుడి రోజు. ఆదివారం ఆ దండెం మీద చేతిరుమాలు కూడా వేలాడకూడదు. ఇది ఎక్కడా రాసి లేదు, కానీ నెటీ ఉంది, చాలు.

ఇంకో నియమం ఉంది. చినుకు పడిందంటే ఇంట్లో ఎవరుంటే వాళ్ళు పరుగెత్తి అందరి బట్టలూ తీసేయాలి. మడతపెట్టి వాళ్ళ వాళ్ళ గుమ్మాల దగ్గర పెట్టాలి. మోరగ్ పోయిన కొత్తలో నాకు వర్షం వచ్చినట్టు కూడా తెలిసేది కాదు. తలుపు తీసేసరికి నా చొక్కాలు పొడిగా, కాలర్లు పైకి పెట్టి, చాప మీద ఉండేవి. ఎవరు పెట్టారని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రోనా భుజం మీద పాపని వేసుకుని కిందికి దిగి వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లే. మొగుడు కొలిన్ చేపల పడవ మీద ఉత్తరానికి వెళ్ళాడు, శనివారానికి గాని రాడు. పాప పేరు ఎఫీ, మూడు నెలలది.

"మాస్టారూ, వచ్చే ఆదివారం దీని బాప్తిస్మం. మోరగ్ గారు నాకొక మాటిచ్చారు, మీకు గుర్తుందా?"

గుర్తుంది. మా మేడలో ఒక గౌను ఉంది. నెటీ వాళ్ళ నాయనమ్మ నార దుప్పటి కత్తిరించి కుట్టింది, అంచుకి చేత్తో అల్లిన లేసు. ఆ మేడలో పుట్టిన ప్రతి బిడ్డా ఆ గౌనులోనే గుడికి వెళ్తుంది. మాకు పిల్లల్లేరు. అయినా గౌను మోరగ్ దగ్గరే ఉండేది, దాన్ని ఆమెలాగ ఇస్త్రీ చేయడం ఎవరికీ రాదని. రోనా కొత్త పెళ్ళికూతురిగా మేడ ఎక్కిన రోజే, "నీ బిడ్డకి గౌను సిద్ధంగా ఉందమ్మా," అని మోరగ్ చెప్పింది.

సొరుగు తీశాను. నీలం కాగితంలో చుట్టిపెట్టిన గౌను తీసి బల్ల మీద పరిచాను. ముగ్గురం చూశాం. మూడో మనిషి నెటీ. సొరుగు చప్పుడు వినే వచ్చిందనుకుంటాను.

"ఇది గౌనా, కస్టర్డ్ గిన్నె తుడిచిన గుడ్డా?" అంది నెటీ.

దాన్ని ఎవరైనా తొడిగి ఇరవై ఏళ్ళు దాటింది. ఛాతీ మీద పెద్ద పసుపు మరక, అంచు పొడుగునా గోధుమరంగు చారలు. ఎవరూ ఏమీ చేయలేదు, కాలం చేసింది.

రోనా పాప వీపు నిమురుతూ, "పోనీలెండి. మా అత్తగారు ఎడిన్‌బరాలో ఒకటి కొన్నారట. శనివారం పెట్టెలో పెట్టి తెస్తున్నారు. నైలాను లేసు, మిలమిలా మెరుస్తుందట," అంది.

"నైలాను!" అంది నెటీ, ఎవరో పోయారన్న కబురు విన్నట్టు.

"నేను పెరిగిన ఇళ్ళలో ఏదీ మాది కాదు మాస్టారూ. ఏడాదికొకటి మారేవాళ్ళం. దీనికైనా ఒక మేడ, ఆ మేడ గౌను ఉంటే బాగుండుననుకున్నాను. అంతే. మరకలతో తీసుకెళ్తే అత్తగారు ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను."

ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది. కానీ గౌను అంచు మాత్రం వదల్లేదు.

"తెల్లగా అవుతుంది," అన్నాను.

"ఎలాగయ్యా? బ్లీచింగ్ మందు వేస్తే లేసు పోగులు పోగులుగా ఊడొస్తుంది," అంది నెటీ.

"మీ నాయనమ్మ ఎలా చేసేది?"

నెటీ ముఖం వెలిగింది. "ఒక రాత్రీ ఒక పగలూ మజ్జిగలో నానబెట్టాలి. తరవాత ఉతికి, తడిగానే గడ్డి మీద పరవాలి. ఆరిపోకుండా నీళ్ళు చల్లుతుండాలి. తడిగుడ్డా, పచ్చగడ్డీ, ఎండా. మూడూ కలిస్తే రాజుగారి దుప్పటి కూడా చాలదు దాని ముందు. కానీ ఎండ కావాలి. మబ్బు వెలుతురు కాదు, ఎండ."

"ఆదివారంలోపు కాస్త ఎండ వస్తుంది. గౌను నేను తెల్లగా చేసిస్తాను."

"అదిగో, వాతావరణ శాఖ సెలవిచ్చింది," అంది నెటీ. కానీ మజ్జిగ తనే పంపింది.

సోమవారం గౌను వంటింట్లో బకెట్‌లో నానుతోంది. బయట అసలు మంచే లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మబ్బు తునక లేని ఎండ. సముద్రం పగిలిన అద్దంలా మెరిసింది. జనం గుమ్మాల ముందు కుర్చీలు వేసుకుని ముక్కులు ఎర్రబరుచుకున్నారు.

"అలెక్!" కిందనుంచి నెటీ కేక. "చూశావా నా దుప్పట్లు! టీ తాగే లోపు ఆరిపోయాయి!"

"చూస్తున్నాను నెటీ."

"నీ గౌను ఏం చేస్తోంది?"

"మజ్జిగ తాగుతోంది."

ఆమె నవ్వు మేడంతా వినిపించింది. నేనూ నవ్వాను. వారానికి మొదటి రోజే ఇంత ఎండ ఉంటే మిగతా రోజుల్లో ఉండదా అనుకున్నాను.

మంగళవారం పొద్దున్న తలుపు తీస్తే పచ్చిక అవతలి గోడ లేదు. హార్ దాన్ని మింగేసింది. అయినా అద్దెకొచ్చినవాళ్ళ అనుమతి తీసుకుని గౌను పరిచాను. చేతులు చాపి, అంచు సర్ది, పక్కన స్టూలు వేసుకుని కోటు తొడుక్కుని కూర్చున్నాను. నీళ్ళు చల్లే పని కూడా లేదు, మంచే చల్లుతోంది.

అద్దెకొచ్చిన గ్లాస్గో పెద్దమనిషి కాసేపు చూసి దగ్గరికి వచ్చాడు. "ఏమండీ, అది కింద పడిపోయినట్టుంది."

"లేదండీ. ఎండకి వేశాను."

ఆయన ఆకాశం వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు. "అలాగా," అని భార్య చెయ్యి పట్టుకుని మెల్లగా లోపలికి తీసుకెళ్ళాడు.

బుధవారం రోనా తన వంతు నాకిచ్చేసింది. పాప గుడ్డలన్నీ వంటింటి పైకప్పుకి వేలాడే కర్రల మీద ఆరేసుకుంది. వాళ్ళింట్లోకి వెళ్తే తలకి తడి గుడ్డలు తగిలేవి. పగలంతా అదే మంచు. సాయంత్రం నేను గౌను తీసి, కాళ్ళు కడుక్కుని, గుడ్డు ఉడకబెట్టుకుని తింటున్నప్పుడు వీధిలోంచి అరుపులు వినిపించాయి. ఎండ! చెంచా వదిలేసి గౌను పట్టుకుని వెనక మెట్లు దిగాను. ఆకాశం నీలంగా ఉంది. పచ్చిక మాత్రం మా మేడ నీడలో చన్నీళ్ళ కుండలా ఉంది. గౌను చేతిలో పట్టుకుని ఆ నీడలో కాసేపు నిలబడ్డాను.

"రేపు నీ గురువారం," అంది నెటీ కిటికీలోంచి. ఆమె వెక్కిరించలేదు. అదే నన్ను కాస్త కంగారు పెట్టింది.

గురువారం పొద్దున్న మంచు పలచగా ఉంది. వెనక ఎక్కడో వెండి నాణెంలాంటి సూర్యుడు. గాలి కూడా సముద్రం మీంచి కాక నేల మీంచి వీస్తోంది. ఇంకేం కావాలి? గౌను పరిచి, నీళ్ళు చల్లి, రొట్టె లేదని గుర్తొచ్చి వీధి చివరి దుకాణానికి వెళ్ళాను. లోపల మాటల్లో పడి గంటన్నర దాటింది. బయటికొచ్చేసరికి వీధి వీధంతా బంగారం. కోటు విప్పి చేతిమీద వేసుకుని, ఈల వేసుకుంటూ వెనక దారిన పచ్చికలోకి తిరిగాను.

గౌను లేదు. గౌను ఆకారంలో గడ్డి మాత్రం తడిగా, ఎండలో మెరుస్తూ ఉంది.

నెటీ తన గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో హ్యాంగరు. హ్యాంగరుకి గౌను. ఆరబెట్టి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసిన గౌను.

"చినుకు పడింది అలెక్."

"ఎక్కడ?"

"నా ముక్కు మీద. ఒకటే. ఒక నల్లమబ్బు వచ్చింది... ఇప్పుడు పోయిందనుకో." ఆమె హ్యాంగరుని అటూ ఇటూ తిప్పింది. "చినుకు పడితే నా కాళ్ళు నన్నడగవయ్యా. ఎనభై ఏళ్ళ అలవాటు. తీశాను, పొయ్యి దగ్గర ఆరేశాను, ఇస్త్రీపెట్టె వేడెక్కించాను. ఇస్త్రీ అయిపోయాక గుర్తొచ్చింది అది తడవాల్సిన గుడ్డని. నీకు తడపమని చెప్పింది నేనే కదా!"

ఇస్త్రీ వేడికి పసుపు మరక ఇంకాస్త ముదిరింది. కానీ చేతుల అంచుల్లో మడతలు కత్తిలా ఉన్నాయి. ఏడాదికి పైగా నా చొక్కాలు కాలర్లు పైకి పెట్టి గుమ్మం దగ్గర ఉంచుతున్న చేతి మడతలే అవి. 

"ఇంత బాగా మోరగ్ కూడా చేసేది కాదు," అన్నాను.

"అబద్ధాలాడకు. మంచివాళ్ళు అబద్ధాలాడితే నాకు ఏడుపొస్తుంది."

గౌను మళ్ళీ తడిపి పరిచే వేళకి గాలి తిరిగింది. అవతలి గోడ మళ్ళీ మాయమైంది.

శుక్రవారం పగలంతా హార్. మధ్యాహ్నం రోనా నా గుమ్మంలోకి వచ్చింది. "మాస్టారూ, వదిలేద్దాం. పెట్టెలోది బాగానే ఉంటుంది. దీనికేం తెలుసు, పాలు తాగి పడుకుంటుంది."

"ఇవాళ శుక్రవారమే కదమ్మా."

"మీకు ఇంత ధీమా ఎక్కణ్ణించి వస్తుంది?"

"సూర్యుడు రోజూ వస్తూనే ఉన్నాడు. మనకీ ఆయనకీ వేళ కుదరడం లేదు, అంతే."

ఆ మాట ఆమె కోసం అన్నాను. పొద్దు వాలాక టీ పెట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను. మామూలుగా నేను వంటింట్లోనే కూర్చుంటాను. ముందు గదిలో కిటికీ దగ్గర మోరగ్ కుర్చీ ఉంది. సాయంత్రం టీ ఆమె అక్కడే తాగేది. పొద్దున వంటింటి కిటికీ, సాయంత్రం ముందు కిటికీ. కుర్చీ అటూ ఇటూ లాగుతుంటే చప్పుడని నెటీ కింది నుంచి తన పైకప్పుని చీపురుకర్రతో కొట్టేది. ఆ కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు. ఆ రోజెందుకో కూర్చున్నాను.

కాసేపటికి మోకాళ్ళ మీద వెచ్చగా తగిలింది.

మంచు విడిపోతోంది. ముందు గుడి గోపురం వచ్చింది, తరవాత కప్పులు, తరవాత వీధికి అవతల గుట్ట మీద బౌల్స్ క్లబ్బు మైదానం. పడమరంతా తెరిపి. అడ్డుగా ఒక్క మేడా లేదు. బిళ్ళలా కత్తిరించిన పచ్చగడ్డి మీద ఎండ మొత్తం అక్కడే పరుచుకుని ఉంది. జూన్‌లో మా దగ్గర తొమ్మిది దాటినా పొద్దు కుంకదు. రోజూ సాయంత్రం ఆ ఎండ అక్కడే ఉంటోంది. నేను భూగోళం చెప్పినవాణ్ణి, తూర్పు పెరట్లో గౌను పరిచి దాని కోసం ఎదురుచూస్తున్నాను. మోరగ్ ఏ పుస్తకమూ తెరవకుండా కుర్చీ లాక్కునేది.

టీ సగంలో వదిలేసి తడి గౌను గిన్నెలో పెట్టుకుని కిందికి దిగాను. నెటీ తలుపు తట్టాను.

"ఎక్కడికి?"

"బౌల్స్ మైదానానికి."

"నీకు పిచ్చి పట్టింది. వాటీ పెట్రీ తన గడ్డి మీద పిట్టని కూడా వాలనివ్వడు." అంటూనే ఆమె చెప్పులేసుకుంటోంది. "ఉండు, నేనూ వస్తాను. నేను చేసిన పాడు నేనే సరిచేసుకోవాలి."

మైదానంలో శుక్రవారం ఆట సాగుతోంది. తెల్ల ప్యాంట్లు, తెల్ల చొక్కాలు వేసుకున్న పెద్దవాళ్ళు నున్నటి బంతులు దొర్లించి, అవి వంపు తిరిగి వెళ్తుంటే వంగి వంగి చూస్తున్నారు. గడ్డి చూసుకునే వాటీ పెట్రీ గట్టు మీద నిలబడి ఉన్నాడు. డెబ్భై దాటిన బక్కమనిషి. మడమ ఉన్న బూటు మైదానంలోకి రావడం చూస్తే ఆయనకి నిద్రపట్టదు.

నేను విషయం చెప్పాను. ఆయన గిన్నెలోకి చూశాడు.

"ఉతికిన బట్టలా? నా గడ్డి మీదా? మాస్టారూ, మీరు కాబట్టి మర్యాదగా చెబుతున్నాను. ఇది మైదానం, చాకిరేవు కాదు."

"వాటీ," అంది నెటీ నా వెనకనుంచి.

"నువ్వెందుకొచ్చావు నెటీ?"

"నువ్వు ఎక్కడ పుట్టావురా?"

ఆటలో ఉన్నవాళ్ళు నాలుగు తలలు తిప్పారు.

"అదంతా ఇప్పుడెందుకు..."

"మా మేడలో, పై అంతస్తులో పుట్టావు. ఈ గౌను తొడిగి నిన్ను గుడికి తీసుకెళ్తుంటే వెనక అంచు పట్టుకున్నది నేను. పాదిరిగారు నీళ్ళు చల్లగానే నువ్వు చేసిన పని ఇంకా గుర్తుంది నాకు. ఆ ఛాతీ మీద మరకలో నీ వాటా ఎంతో ఎవరికి తెలుసు? చెప్పనా వీళ్ళందరికీ?"

వాటీ చెవులు ఎర్రబడ్డాయి. గౌను వైపు మళ్ళీ చూశాడు. ఈసారి ఒక వేలితో గౌను చేతిని పైకెత్తి చూశాడు.

"ఇంత చిన్నదా?" అన్నాడు.

"నువ్వు ఇంకా చిన్నవాడివి."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "చివరి వరస ఖాళీగా ఉంది. బూట్లు విప్పాలి. మజ్జిగ చుక్క కూడా పడకూడదు, గడ్డి మాడిపోతుంది. నీళ్ళు నేను చల్లుతాను, మీకు చెయ్యి తిరగదు."

అలా మా మేడ గౌను మైదానం మీద చేతులు చాపుకుని పడుకుంది. నెటీ గట్టు మీద బెంచీలో కూర్చుంది. నేను మేజోళ్ళతో గడ్డి మీద నిలబడ్డాను. తడిగడ్డి కింద నేల వెచ్చగా ఉంది. వాటీ పూలకుండీలకి వాడే డబ్బాతో సన్నగా చల్లాడు. ఒకసారి ఎవరిదో బంతి అనుకున్నదానికంటే ఎక్కువ వంపు తిరిగి నేరుగా గౌను వైపు వచ్చింది. ఆటగాళ్ళందరూ ఒకేసారి శ్వాస బిగబట్టారు. అది లేసుకి జానెడు దూరంలో ఆగి, పక్కకి ఒరిగింది.

"ఇంత మంచి బంతి నువ్వు ఈ ఏడాదిలో వేయలేదు," అన్నాడు వాటీ ఆ ఆటగాడితో.

పొద్దు గుట్ట అంచు తాకేదాకా ఎండ ఉంది. గౌను ఎత్తి చూశాం. అంచు చారలు పోయాయి. ఛాతీ మీద మరక పలచబడి మీగడ రంగుకి దిగింది.

"ఇంకో సాయంత్రం కావాలి," అన్నాను.

"వస్తుందా?" అంది నెటీ.

"వస్తుంది."

శనివారం పగలు మంచు. ఎవరూ పట్టించుకోలేదు. సాయంత్రానికి అది విడిపోయేసరికి మేము ముందే గట్టు మీద ఉన్నాం. రోనా పాపని తీసుకొచ్చింది. పడవ దిగిన కొలిన్ చేపల వాసనతోనే నేరుగా వచ్చాడు. ఎండ పడగానే వాటీ గౌను తనే పరిచాడు, ఒక కొసన వంగి, మరో కొసన మోకాలు వేసి.

అప్పుడు వచ్చారు కొలిన్ వాళ్ళమ్మ, మిసెస్ బాల్ఫర్. బూడిదరంగు సూటు, చేతితొడుగులు, చంకలో రిబ్బను కట్టిన పెట్టె. ఇంటికి తాళం చూసి, ఎవరో చెబితే గుట్టెక్కారు. గట్టు మీద ఆగి చూశారు. తెల్లబట్టల ముసలివాళ్ళు, మేజోళ్ళతో ఒక మాస్టారు, మధ్యలో ఒక చిన్న గౌను, దాని మీద నీళ్ళు చల్లుతున్న బక్కమనిషి.

"కొలిన్, ఇదేమిటి?"

"మా మేడ గౌను అమ్మా. రేపు ఎఫీకి."

రోనా పాపని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. ఎంత ధీమా ఉన్నా ఎండతో వాదించడం వేరు, అత్తగారితో వాదించడం వేరు.

మిసెస్ బాల్ఫర్ పెట్టె నెటీ పక్కన బెంచీ మీద పెట్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"అది చేతి లేసా?"

"మా నాయనమ్మ అల్లింది," అంది నెటీ, గడ్డం పైకెత్తి.

"మా అమ్మ కూడా అల్లేది. దుప్పట్లు ఇలాగే పరిచేది, ఊరి బయట వాగు పక్కన." ఆమె ఇంకాసేపు చూశారు. "అలా ఒకే వైపు ఉంచితే ఎలా? లోపలి మడత అలాగే పచ్చగా ఉండిపోతుంది. తిప్పండి."

ఎవరూ కదల్లేదు. ఆమె తొడుగులు తీశారు. బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పి, వాటిని పెట్టె పక్కన జతగా పెట్టారు. మైదానం దాటి వెళ్ళి, గౌను రెండు భుజాల దగ్గర పట్టుకుని మెల్లగా తిప్పి, ఛాతీ భాగం ఎండకి సరిగ్గా ఎదురుగా వచ్చేలా పరిచారు.

"నీళ్ళు," అన్నారు చెయ్యి చాపి.

వాటీ పెట్రీ తన డబ్బా ఎవరికైనా ఇవ్వగా మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఇచ్చాడు.

ఆ రాత్రి గౌను నెటీ ఇస్త్రీ చేసింది. ఈసారి నేనే అడిగాను.

ఆదివారం గుడికి బయల్దేరినప్పుడు మంచు మళ్ళీ వీధిలో కూర్చుంది. ఎవరూ తల ఎత్తి చూడలేదు. గౌను పాలలా ఉంది. ఎఫీ కంటే రెండింతలు పొడుగుండి, రోనా చేతి మీంచి మోకాళ్ళ దాకా జారింది. కొత్త పెట్టెలోంచి మిసెస్ బాల్ఫర్ టోపీ మాత్రం తీసి పాపకి పెట్టారు. అది నైలానే. నెటీ చూసింది, దాని రిబ్బను ముడి తనే సరిచేసింది. నీళ్ళు చల్లినప్పుడు ఎఫీ ఒక్కసారి తుమ్మి, పాదిరిగారి వేలు పట్టుకుంది. వెనక వరసలో వాటీ పెట్రీ గట్టిగా ముక్కు చీదడం వినిపించింది.

తరవాత మా మేడలో, మా ఇంట్లోనే టీ. కేకు కోస్తున్నాం. ఉన్నట్టుండి వంటింటి కిటికీ నిండా వెలుగు. అందరం లేచి వెళ్ళి చూశాం. నడిమధ్యాహ్నం, హార్ ఎక్కడా లేదు. పచ్చిక మూల మూలా ఎండ. సన్నటి గాలి. నాలుగు దండేలూ ఖాళీగా ఊగుతున్నాయి. ఏడాదికోసారి కూడా దొరకని బట్టలారే రోజు, అదీ ఆదివారం.

"చూడు, చూడు దాన్ని," అంది నెటీ అద్దానికి ముక్కు ఆనించి. "సిగ్గులేదు. వారమంతా ఎక్కడ చచ్చింది?"

రోనా తన వంటింటి పైకప్పు కర్రలు గుర్తొచ్చి మూలిగింది. "పాప గుడ్డలన్నీ తడిగానే ఉన్నాయి నెటీ మామ్మా. ఒక్క గంట..."

"ఆదివారం," అంది నెటీ.

"రెండే గుడ్డలు."

"ఆదివారం!"

నేను పాపని చేతుల్లోకి తీసుకున్నాను. గౌను అంచు మోచేతి మీద సర్దుకున్నాను. మోరగ్ మాట నిలబడింది. పాప బరువు చాలా తక్కువ, ఆ గౌనుతో కలిపినా.

"నెటీ," అన్నాను, "దండెం మీద వెయ్యకూడదు, సరే. లోపల పాప ఉన్న గౌను ఉతికిన బట్ట కిందికి వస్తుందా?"

ఆమె చాలాసేపు ఆలోచించింది. ఆ మేడలో ఇలాంటి ప్రశ్న అంతకుముందు ఎవరూ వేయలేదు. మిసెస్ బాల్ఫర్ కూడా తీర్పు కోసం కప్పు పట్టుకుని ఆగారు.

"రాదు," అంది నెటీ చివరికి. "కదలండి, కదలండి, మళ్ళీ మంచొచ్చేస్తుంది!"

అందరం కేకు పళ్ళేలతో వెనక మెట్లు దిగాం. పచ్చిక మధ్యలో, ఆ వారమంతా గౌను పరిచిన చోటే, దుప్పటి వేసి ఎఫీని పడుకోబెట్టాం. ఎండకి కళ్ళు చికిలించి, చేతులు చాపి, పాప లేసులో కాళ్ళాడించింది. నెటీ మెట్టు మీద కూర్చుని, కేకు పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ముక్కు మాత్రం ఆకాశం వైపే ఎత్తి ఉంచింది.

"చినుకు పడితే?" అన్నాను.

"నా కాళ్ళున్నాయి," అంది.